మూడు రోజులు... మూడు ఊళ్లు!

సెలవులొస్తున్నాయంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే గోల. ఊటీ వెళ్దామా, కొడైకెనాల్ వెళ్దామా అని. కాస్త చేతిలో డబ్బులాడే వాళ్లయితే పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల దాకా వెళ్లొచ్చి ఫొటోలు చూపిస్తున్నారు. అక్కడ దిగిన చుట్టానికి మెడలో పూలదండ వేస్తారట. మొదటి రోజు ఏం చూడాలి, రెండో రోజు ఎక్కడ పడవెక్కాలి, మూడో రోజు ఏం కొనుక్కోవాలి అని ముందే పట్టీ రాసి చేతిలో పెడతారట. బాగానే ఉంది. మరి మన ఊరికొచ్చిన చుట్టానికి అలాంటి పట్టీ ఎవరు రాసివ్వాలి? ఆ ఇంటి ఇల్లాలే కదూ!

మాది హిందూపురం. కోస్తా నుంచో, హైదరాబాదు నుంచో బంధువులొస్తే “మీ వైపు చూడ్డానికేముంది వదినా, రాళ్లూ ఎండా తప్ప!” అంటారు. బెంగళూరు రైల్లో వెళ్లే వాళ్లూ కిటికీలోంచి చూసి అదే అనుకుంటారు. నిజమే, మాకు సముద్రం లేదు, జలపాతం లేదు. వాన కూడా లెక్కపెట్టినట్టు కురుస్తుంది. కానీ ఆ రాళ్లతోనే లేపాక్షి కట్టారు. ఆ ఎండలోనే ధర్మవరం పట్టుచీర నేస్తున్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివే మూడూను. మూడు రోజులు చేతిలో ఉంటే హాయిగా చూసి రావచ్చు. ఏ వరసలో చూస్తే బాగుంటుందో చెబుతాను, వినండి. వరస ఎందుకన్నది చివర్లో మీకే తెలుస్తుంది.

మొదటి రోజు: లేపాక్షి

హిందూపురంలో దిగి స్నానం, టిఫిను కానిచ్చి పొద్దున్నే బయల్దేరండి. లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. బస్సులుంటాయి, ఆటోలుంటాయి. పొద్దున్నే అని ఎందుకంటున్నానంటే, గుళ్లో చెప్పులు విప్పాలి. ఎండాకాలం పదకొండు దాటిందంటే ఆ బండమీద కాలు పెట్టలేరు. పిల్లలకు సాక్సులు వేసి తీసుకెళితే మంచిది.

ముందు మిమ్మల్ని పలకరించేది బసవన్న. ఒకే రాతిలో చెక్కిన నంది. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవయ్యేడు అడుగుల పొడవు. మెడలో గంటలు, మువ్వలు, ఒంటిమీద కప్పిన వస్త్రం అంచులు కూడా రాతిలో కనిపిస్తాయి. ఆ అంచును ఒకసారి దగ్గరికెళ్లి చూసి గుర్తు పెట్టుకోండి.

అసలు గుడి వీరభద్రస్వామిది. తాబేలు ఆకారంలో ఉన్న చిన్న గుట్టమీద కట్టారు కాబట్టి కూర్మశైలం అంటారు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. విరూపణ్ణ పెనుకొండలో రాజుగారి కోశాధికారి. రాజు సొమ్ము గుడికి ఖర్చు పెట్టేశాడని నింద పడిందట. రాజు శిక్షించక ముందే తన కళ్లు తనే పీకి గోడకు కొట్టాడని కథ. గోడమీద ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణ మండపం స్తంభాలతోనే ఆగిపోయి ఉంటుంది. ఊరి పేరుకు ఇంకో కథ కూడా ఉంది. సీతమ్మను కాపాడబోయి రెక్కలు తెగి పడిన జటాయువును చూసి రాముడు “లే పక్షీ!” అన్నాడని. పిల్లలకు ఈ రెండో కథే చెప్పండి.

వేలాడే స్తంభం సంగతి మీరు వినే ఉంటారు. నాట్యమండపంలో ఒక స్తంభం నేలను పూర్తిగా ఆనకుండా ఉంటుంది. కింద నుంచి తువాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగొచ్చు. ఒక మూల మాత్రం నేలకు తగిలినట్టుంటుంది. లాగితే ఇంటికి కలిసొస్తుందని నమ్మకం కాబట్టి అక్కడ ఎప్పుడూ జనమే. చాలామంది ఆ స్తంభం చూసేసి, ఫొటో దిగేసి, ఇక అయిపోయిందని వెనక్కి వచ్చేస్తారు. మీరు మాత్రం రాకండి. అసలు సొగసు తల పైకెత్తితేగానీ కనిపించదు.

పైకప్పంతా రంగుల చిత్రాలే. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునుల కథ, మర్రి ఆకుమీద పడుకున్న చిన్ని కృష్ణుడు... లోపలి మండపంలో వీరభద్రుడి బొమ్మ ఎంత పెద్దదంటే, ఒకచోట నిలబడి మొత్తం చూడలేం. దాదాపు ఐదు వందల ఏళ్ల నాటి రంగులు. కొన్నిచోట్ల పెచ్చులూడాయి, కొన్నిచోట్ల మసిబారాయి. మిగిలినవైనా కళ్లారా చూడాల్సినవే. అయితే పది నిమిషాలు తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. దానికో చిట్కా చెప్పనా? చేతిసంచిలో చిన్న అద్దం పెట్టుకెళ్లండి. అద్దాన్ని నడుము ఎత్తులో పట్టుకుని చూస్తే, పైకప్పు మొత్తం చేతిలోకి దిగొచ్చినట్టుంటుంది! పిల్లలు అద్దం కోసం పోట్లాడుకోకుండా రెండు తీసుకెళ్లడం మేలు.

ఆ బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడండి. ఒకామెది గళ్ల చీర, ఒకామెది చారల చీర, ఇంకొకామెకు పువ్వుల అంచు. కొప్పులు కూడా ఎన్ని రకాలో! ఆ తర్వాత లతామండపంలోకి వెళ్లండి. స్తంభాలమీద ఒక్కో పక్క ఒక్కో లత, ఒక్కో హంస, ఒక్కో పువ్వు. ఒకదాన్ని పోలింది ఒకటి లేదు. ఈ నమూనాలు చూసే మా వైపు చీరల అంచులు వేస్తూ వచ్చారు. కుట్లు, అల్లికలు వచ్చిన వాళ్లు ఒక నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. దిండు గలీబులకూ, తలుపు తెరలకూ ఏడాదికి సరిపడా డిజైన్లు దొరుకుతాయి.

గుడి వెనక ఏడు పడగల నాగలింగం ఉంది. దానికో వంటింటి కథ చెబుతారు. శిల్పులు అన్నానికి వస్తే వంట ఇంకా కాలేదట. ఊరికే కూర్చోవడం ఎందుకని, అమ్మ వంట ముగించేలోపు ఎదురుగా ఉన్న బండను ఇలా చెక్కేశారట. మన ఇళ్లల్లో వంట పది నిమిషాలు ఆలస్యమైతే ఎంత రాద్ధాంతమో గుర్తొచ్చి నవ్వొస్తుంది! అక్కడే నేలమీద కంచాల్లాంటి గుంటలు కనిపిస్తాయి. పనివాళ్లు అన్నం తిన్న కంచాలని కొందరు, రంగులు కలుపుకున్న గిన్నెలని కొందరు అంటారు. మూడు తలల ఆవు బొమ్మనైతే పిల్లలకు తప్పకుండా చూపించండి. రెండు తలలు చేత్తో మూస్తే మూడోది సరిపోతుంది. ఏది మూసినా అంతే.

ఈ గుడినీ, బసవన్ననూ 2022లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేర్చారు. అంటే ప్రపంచ వారసత్వ గుర్తింపుకు మొదటి మెట్టు ఎక్కినట్టే.

సాయంత్రం హిందూపురం తిరిగొచ్చాక బజారు చూడండి. చింతపండు, ఎండుమిర్చి, బెల్లం వ్యాపారానికి మా ఊరు పెట్టింది పేరు. చింతపండులో కరిపులి రకం, ఫ్లవర్ రకం అని రెండు పేర్లు వినిపిస్తాయి. కరిపులి ధర ఎక్కువ. ఏడాది చింతపండు కొనేవాళ్లు ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య వస్తే కొత్త సరుకు దొరుకుతుంది. పట్టుగూళ్ల మార్కెట్ కూడా ఇక్కడే ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ ఆకు పెంచి, పట్టుపురుగులను మేపి, ఆ గూళ్లను రైతులు ఇక్కడికి తెచ్చి అమ్ముకుంటారు. వేరుశెనక్కాయంత తెల్లటి, పచ్చటి గూళ్లు. దాన్ని వేడినీళ్లలో వేసి పోగు లాగుతారు. మీ బీరువాలోని పట్టుచీర అక్కణ్ణుంచే మొదలవుతుంది.

రెండో రోజు: పెనుకొండ

హిందూపురానికి నలభై కిలోమీటర్ల లోపే పెనుకొండ. ఘనగిరి అని పాతపేరు. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయి హంపి పాడయ్యాక, తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. అంతకు ముందు కూడా రాయలవారికి ఇది వేసవి విడిది. కోట ఎర్రమంచి ద్వారం దగ్గర పదకొండు అడుగుల ఆంజనేయస్వామి ఉన్నాడు. ముందు ఆయనకు దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్లండి.

గగన్ మహల్ రెండంతస్తుల రాజభవనం. మెట్లెక్కి పైకెళితే గాలి చల్లగా కొడుతుంది. ఎండాకాలంలో రాజులు ఇక్కడెందుకున్నారో అప్పుడు అర్థమవుతుంది. రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే ఉంటాయి. పార్శ్వనాథుడి జైన గుడి ఉంది. షేర్‌ఖాన్ మసీదు ఉంది. బాబయ్య దర్గా అయితే చెప్పనే అక్కర్లేదు, మతం తేడా లేకుండా అందరూ వెళ్లి మొక్కుకుంటారు. ఉరుసు రోజుల్లో ఊరు కిటకిటలాడుతుంది. ఇన్ని మతాల గుళ్లు ఒక్క ఊళ్లో, నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం పిల్లలు చూసి తీరాలి. పుస్తకంలో పది పాఠాలు చదివినదానికంటే ఎక్కువ.

శ్రీకృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసును కళ్లు తీయించి ఈ కోటలోనే బంధించారని ఇక్కడి వాళ్లు చెబుతారు. నిన్న లేపాక్షిలో విరూపణ్ణ కథ, ఈ రోజు తిమ్మరుసు కథ. మంచి పని చేసిన వాళ్లకు దక్కిన ఫలం ఇదా అని మనసు చివుక్కుమంటుంది.

మోకాళ్ల నొప్పులు లేని వాళ్లు తెల్లవారుజామునే కొండెక్కొచ్చు. పైన నరసింహస్వామి గుడి, పాత బురుజులు, నీటి కోనేళ్లు ఉన్నాయి. ఎక్కలేని వాళ్లు, పిల్లలున్న వాళ్లు కుంభకర్ణుడి తోటకు వెళ్లండి. నూట నలభై అడుగులకు పైగా పొడవున్న కుంభకర్ణుడు పడుకుని ఉంటాడు. రాక్షసులు లేపుతుంటే కూడా లేవడు! పొట్టలోకి వెళ్లి చూసి రావచ్చు. పొద్దున్నే బడికి లేవని పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

ఊరికి దగ్గర్లో, ఎర్రమంచి దగ్గరే, కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. రోడ్డు మీద వెళుతూ చూస్తే ఎంత దూరమో ఆ షెడ్లు! ఒక పక్క రాయల కోట, ఒక పక్క కొరియా కార్లు. ఆ ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు పిల్లలకు కాస్త ఉద్యోగాల ఆశ పుట్టిన మాట నిజం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, రేపు మళ్లీ అవసరమవుతుంది.

మూడో రోజు: ధర్మవరం

పెనుకొండ నుంచి రైల్లో గానీ, బస్సులో గానీ ధర్మవరం. సొంత వాహనముంటే, ఓపికుంటే దారికి కాస్త పక్కగా పుట్టపర్తి చూసుకుని వెళ్లొచ్చు. ధర్మవరంలో పెద్ద చెరువుంది. ఆ చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయారు తన తల్లి ధర్మాంబ పేరుమీద ఊరికి ధర్మవరమని పేరు పెట్టాడంటారు. చెన్నకేశవస్వామి దర్శనం చేసుకుని నేతవీధుల్లోకి నడవండి.

చాలామంది రైలు దిగి నేరుగా చీరల కొట్లోకి వెళతారు. నా మాట విని ముందు మగ్గం చూడండి. వీధిలోకి అడుగుపెడితే చాలు, టక్, టక్ మని ఇంటింటి నుంచీ చప్పుడు. ఎవరినైనా “మగ్గం చూడొచ్చామ్మా?” అని మర్యాదగా అడిగితే కాదనరు. చెప్పులు బయట విప్పండి. నూనె చేతులతో, చెమట చేతులతో పోగు ముట్టుకోకండి. మరక పడితే ఆ నష్టం వాళ్ల కూలిలోనే పోతుంది.

నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మనిషి. ఎదురుగా వేల పట్టు పోగుల పడుగు. పైన జాకార్డు, దానికి వేలాడే చిల్లుల అట్టలు. ఒక్కో అట్ట ఒక్కో వరస పోగుల్ని లేపుతుంది. నాడె ఈ చెయ్యి నుంచి ఆ చేతికి పరుగెత్తుతుంది. కాలు తొక్కి, చెయ్యి లాగి, అచ్చు కొడితే చీర ఒక పోగు మందం పెరుగుతుంది. అంతే, ఒక్క పోగు! డిజైనును బట్టి ఒక చీరకు నాలుగు రోజులు పట్టొచ్చు, పది పన్నెండు రోజులూ పట్టొచ్చు. అంచు దగ్గర చూడండి. లేపాక్షి స్తంభం మీద చూసిన లతే, హంసే పోగు పోగుగా పుడుతూ ఉంటుంది. అందుకే ఈ వరసలో చూడమన్నాను. ముందు చీర చూసి తర్వాత లేపాక్షి వెళితే ఈ సంతోషం రాదు.

మగ్గం ఒక్క మనిషి పని అనుకుంటాం కానీ కాదు. పక్కనే రాట్నం దగ్గర ఆ ఇంటావిడ కండెలు చుడుతూ ఉంటుంది. తెగిన పోగు అతికేది, పట్టు తూకం చూసేది, మధ్యలో లేచి పొయ్యిమీద అన్నం చూసుకొచ్చేదీ ఆమే. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఒకావిడ అంది: “చీర ఆయన నేసినాడంటారక్కా. కూలి కూడా చీరకే ఇస్తారు. నేను చుట్టిన కండెలకు లెక్క యాడుంది?” నాకు జవాబు దొరకలేదు. మనం వండిన వంటకు మాత్రం లెక్క ఎక్కడుంది? కాకపోతే ఆమె వంటా చేస్తుంది, కండెలూ చుడుతుంది.

చెప్పకపోతే తప్పవుతుంది కాబట్టి చెబుతున్నాను. ఈ ఊళ్లో అప్పుల బాధతో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. పట్టు ధర ఒక్కసారిగా పెరుగుతుంది, కూలి మాత్రం పెరగదు. మరమగ్గం మీద తక్కువ ఖర్చుతో నేసిన చీరను చేనేత చీర పేరుతో అమ్మేస్తారు. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే కేంద్రం చట్టం చేసింది. చట్టం ఉన్నా, తేడా తెలిసి అడిగే కొనుగోలుదారు లేకపోతే లాభమేముంది? ఆ కొనుగోలుదారులం మనమే కదా. ఇక నేతన్న పిల్లలు మగ్గం వదిలి కార్ల ఫ్యాక్టరీకి వెళతామంటే తప్పనగలమా? వెళ్లనివ్వండి. కానీ మగ్గం మీద ఉన్న వాళ్లయినా అన్నం తినాలి.

చీర కొనేముందు

1. సిల్క్ మార్క్ వేరు, హ్యాండ్‌లూమ్ మార్క్ వేరు. సిల్క్ మార్క్ ఉంటే అది అసలైన పట్టని అర్థం, అంతే. చేత్తో నేసిందని కాదు. మరమగ్గం చీరకూ సిల్క్ మార్క్ ఉండొచ్చు. చేనేత కావాలంటే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందా అని విడిగా అడగండి.

2. కొంగు చివర పోగు ఒకటి అడిగి కాల్చి చూడండి. అసలు పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిదవుతుంది. కరిగి గట్టి ముద్దయితే అది పట్టు కాదు.

3. జరీ ఏ రకమో అడగండి. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ వెండి తీగ, దానిమీద బంగారు పూత ఉంటాయి. రాగి తీగతో చేసే జరీ వాడటం తప్పేమీ కాదు, చాలా చీరలకు అదే వస్తుంది. కానీ దాన్ని అసలు జరీ ధరకు కొనకూడదు.

4. చేత్తో నేసిన చీరలో అక్కడక్కడ సన్నటి తేడా కనిపిస్తుంది. దాన్ని లోపమని గీచి గీచి బేరమాడకండి. అది మనిషి నేశాడనడానికి గుర్తు.

5. చేనేత సహకార సంఘాల్లో, ఆప్కోలో, లేదా నేరుగా నేసేవాళ్ల దగ్గర కొంటే డబ్బు మగ్గానికి దగ్గరగా చేరుతుంది. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి.

పెళ్లిచీర కొనే స్తోమత అందరికీ ఉండదు. మరేం ఫర్వాలేదు. పసిపిల్లకు పట్టుపావడా బట్ట కొనొచ్చు. ధర్మవరం చేనేత పట్టుచీరలతో పాటు పావడాలకు కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. ఏమీ కొనకపోయినా తప్పు లేదు. కానీ “కొంటాం, కొంటాం” అని ఇరవై చీరలు మడత విప్పించి లేచి రాకండి.

దారిలోకి పొడి

మా వైపు హోటళ్లలో పొద్దున్న బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తప్పకుండా తినండి. రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి దొరికితే వదలొద్దు. పిల్లలకు బయటి తిండి పడకపోతే ఈ పొడి చేసి పట్టుకెళ్లండి. పావుకిలో చెనిగ్గింజలు సన్నటి సెగమీద వేయించి పొట్టు తీయండి. ఎనిమిది ఎండుమిరపకాయలు కూడా వేయించి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు, చిటికెడంత చింతపండు చేర్చి మిక్సీలో బరకగా తిప్పండి. ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. జాగ్రత్త! వేడన్నంలోకి నెయ్యితో, చపాతీలోకి పెరుగుతో బ్రహ్మాండంగా ఉంటుంది. పది రోజులు నిలవుంటుంది. తీపికి ఓళిగలు చేసుకెళితే రెండు రోజులు ఢోకా లేదు.

ఎప్పుడు రావాలి?

దసరా నుంచి సంక్రాంతి దాకా హాయిగా ఉంటుంది. వేసవిలో తప్పనిసరైతే పొద్దున, సాయంత్రం తిరగండి, మధ్యాహ్నం లాడ్జిలో నడుం వాల్చండి. మనిషికో నీళ్ల సీసా, పెద్దవాళ్లకు గొడుగు ఉండాలి. తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్లకు పాకాల, మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరం రైలు దారి ఉంది. మిగతావాళ్లకు గుంతకల్లు మీదుగానో, బెంగళూరు మీదుగానో సులువు. ఇంకో రోజు మిగిలితే కదిరి నరసింహస్వామినీ, ఆ దగ్గర్లోని తిమ్మమ్మ మర్రిమానునూ చూడండి. ఒకే మర్రిచెట్టు దాదాపు ఐదెకరాలు పరుచుకుంది. 1989లోనే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఈసారి మీ ఇంటికి చుట్టాలొచ్చి “ఎక్కడికైనా వెళ్దాం” అంటే ఈ కాగితం చించి చేతిలో పెట్టండి. మీరూ వాళ్లతో బయల్దేరండి. మూడు రోజులు వంటింటికి తాళం వేస్తే ఏం మునిగిపోదు. అన్నట్టు, చేతి అద్దం మరిచిపోకండేం!